నిదానపు వ్యాధి: గొర్రె వంశం, వైరస్ వంశం

1933లో ఐస్‌లాండ్ దేశం జర్మనీలోని హాల్లె పట్టణం నుండి 20 కారకుల్ గొర్రెలను తెప్పించుకున్నది. కారకుల్ మధ్య ఆసియాలోని బొఖారా ప్రాంతపు జాతి. అప్పుడే పుట్టిన పిల్లల ఒంటిమీద ఉండే వంకీల ఉన్ని చర్మానికి ఆ రోజులలో ఐరోపా బజారులో మంచి గిరాకీ ఉండేది. ఐస్‌లాండ్ వారి స్వంత గొర్రెలు సుమారు వెయ్యేళ్ల క్రిందట, ఆ ద్వీపానికి వలస వెళ్లిన జనంతోపాటు ఓడలలో వచ్చినవి. తరువాత బయటి గొర్రెలతో వాటికి సంపర్కం చాలా తక్కువ. కొత్త రక్తం కలిపితే రైతుకు నాలుగు రాళ్లు మిగులుతాయని తలచారు. వచ్చిన గొర్రెలను నేరుగా మందలలోకి తోలలేదు కూడా. ఒక చిన్న దీవిలో రెండు నెలలు విడిగా ఉంచి చూచారు. ఒక్కదానికీ జబ్బు లక్షణం కనిపించలేదు. ఆ మీదట వాటిని వివిధ ప్రాంతాల పెంపకందారులకు పంచిపెట్టారు.

ఆనాటికి తెలిసిన జాగ్రత్త తీసుకున్నారనే చెప్పాలి. అయినా కొద్ది కాలంలోనే ఆ గొర్రెలు వెళ్లిన ప్రాంతాలలో స్థానికపు గొర్రెలు ఊపిరితిత్తులలో కంతులు పెరిగి చావడం మొదలైంది. అదీ ఒక వైరస్ వ్యాధే, కాని దాని కథ వేరు. దాని చాటున మరొక వ్యాధి నడుస్తూ వచ్చింది. దానిని వేరుగా గుర్తించేటప్పటికి 1939 వచ్చింది. మూడు నాలుగేళ్లు దాటిన గొర్రె మేత మేస్తూనే చిక్కిపోతుంది. మంద మిట్ట ఎక్కుతూ ఉంటే వెనుకబడి ఎగరొప్పుతూ నిలబడిపోతుంది. నెలల తరబడి అట్లాగే క్రుంగి చనిపోతుంది. కోసి చూస్తే ఊపిరితిత్తులు మామూలు బరువుకు రెండు మూడు రెట్లు తూగుతాయి. మెత్తని స్పంజివలె ఉండవలసినవి గట్టిపడి ఉంటాయి. ఐస్‌లాండ్ వారు దీనికి 'మైది' అని పేరు పెట్టారు. వారి భాషలో ఆ మాటకు ఆయాసం అని అర్థం. మరికొన్ని గొర్రెలలో ఊపిరితిత్తులకు బదులు మెదడు, వెన్నుపాము చెడేవి. వెనుకకాళ్లు తడబడి, చివరకు పక్షవాతంతో పడిపోయేవి. దానిని 'విస్న' అన్నారు, అంటే శుష్కించిపోవడం. రెండూ ఒకే వైరస్ పని అని తరువాత తేలింది.

దెబ్బతిన్న మందలలో ఏటా నూటికి 15 నుండి 30 గొర్రెల వరకు పోయేవి. మొత్తంమీద లక్షకు పైగా గొర్రెలు మైదితో చచ్చినవి. మందు లేదు, టీకా లేదు. చివరకు ప్రభుత్వం దేశానికి అడ్డంగా కంచెలు కట్టించి, ఒక ప్రాంతం తరువాత మరొక ప్రాంతంలో ఉన్న గొర్రెలన్నిటినీ చంపించి, జబ్బు చేరని వాయవ్య ద్వీపకల్పం నుండి గొర్రెలను తెచ్చి మందలను మళ్లీ మొదటినుండి కట్టించింది. ఈ ఊపిరితిత్తి వ్యాధుల నిర్మూలనకు చంపిన గొర్రెలు సుమారు ఆరున్నర లక్షలు. ఆ రోజులలో మనుషులకంటె గొర్రెలే అనేక రెట్లు ఎక్కువగా ఉండిన ఆ చిన్న దేశంలో ఈ సంఖ్య ఎటువంటిదో పాఠకులే ఊహించుకోవచ్చును. 1965 నాటికి గాని మైది అక్కడినుండి పూర్తిగా తొలగిపోలేదు.

ఈ కథలో ఒక చిక్కుప్రశ్న ఉన్నది. వ్యాధిని మోసుకొని వచ్చిన కారకుల్ గొర్రెలు చూపులకు ఆరోగ్యంగానే ఉన్నవి. వాటినుండి అంటుకున్న ఐస్‌లాండ్ గొర్రెలు మందలు మందలుగా కూలినవి. వైరస్ ఒకటే అయినప్పుడు ఫలితంలో ఇంత తేడా ఎందుకు? గొర్రె శరీరంలో వంశపారంపర్యంగా ఏదో తేడా ఉండాలి. లేదా వైరస్ కూడా తాను చిరకాలం నివసించిన జాతికి అలవాటు పడి, కొత్త జాతిలో వేరు విధంగా ప్రవర్తించి ఉండాలి. ఒకటి ఆతిథ్యమిచ్చే జీవి వంశం, రెండవది అతిథి వంశం. ఆనాడు ఈ రెంటినీ విడదీసి చూచే సాధనాలు లేవు. సుమారు ఎనభై ఏళ్ల తరువాత, అదే వైరస్ కుటుంబం మీద అమెరికాలో జరిగిన పరిశోధనలు ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు చెప్పినవి. ఆ జవాబులో రెండు వైపులా భాగం ఉన్నది.

దొంగ పద్దు

ఐస్‌లాండ్ రాజధాని సమీపాన కెల్డుర్ అనే చోట 1948లో ఒక పరిశోధనాలయం నెలకొన్నది. దాని అధిపతి బ్యోర్న్ సిగుర్డ్‌సన్. 1954లో ఆయన లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో 'నిదానపు అంటువ్యాధులు' అనే భావనను ప్రతిపాదించాడు. మశూచి, ఆటలమ్మ వంటి వ్యాధులు సోకిన కొద్ది రోజులలో బయటపడి, కొద్ది వారాలలో అటో ఇటో తేలిపోతాయి. దీర్ఘకాలపు రోగాలు చాలా ఉన్నా, వాటి నడక క్రమం తప్పుతూ ఉంటుంది. సిగుర్డ్‌సన్ చెప్పినవి ఈ రెండు తెగలకూ చెందవు. ఇవి సోకిన నెలలకో సంవత్సరాలకో తల చూపుతాయి; ఒకసారి తల చూపితే అంచెలంచెలుగా క్రమం తప్పక మరణం వైపే నడుస్తాయి. 1957లో ఆయన, ఆయన సహచరులు విస్న వైరస్‌ను గాజుపాత్రలలో పెంచిన గొర్రె కణాలలో వేరుచేయగలిగారు. 1959లో సిగుర్డ్‌సన్ చిన్న వయసులోనే మరణించాడు. తరువాత ఈ వైరస్‌లకు 'లెంటివైరస్' అని పేరు వచ్చింది. 'లెంటస్' అంటే లాటిన్ భాషలో నిదానం. 1983లో కనుగొన్న ఎయిడ్స్ వైరస్ కూడా ఈ కుదురులోనిదే. మనుషులలో ఆ వ్యాధి బయటపడకముందే ఈ తెగ వైరస్‌ల తీరు గొర్రెల మూలంగా శాస్త్రజ్ఞులకు పరిచయమై ఉండడం కాకతాళీయమే అయినా మేలు చేసింది.

ఇంత నిదానం ఎందుకు? ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్.ఎన్.ఎ.; సుమారు 9,200 అక్షరాల పొడవు. మన కణాలలో గాని, గొర్రె కణాలలో గాని వంశలిపి డి.ఎన్.ఎ. రూపంలో ఉంటుంది. డి.ఎన్.ఎ. నుండి ఆర్.ఎన్.ఎ. తయారు కావడం మామూలు పద్ధతి. ఈ వైరస్‌లు దానిని తిరగవేస్తాయి. తమ ఆర్.ఎన్.ఎ.ను చూచి డి.ఎన్.ఎ. వ్రాయగల ఎంజైమును వెంట తెచ్చుకుంటాయి. 1970లో టెమిన్, బాల్టిమోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఈ ఎంజైమును కనుగొన్నారు; 1975లో వారికి నోబెల్ బహుమతి లభించింది. విస్న వైరస్‌లో కూడా ఆ ఎంజైము ఉన్నదని అదే 1970లో తేలింది. ఇట్లా తయారైన డి.ఎన్.ఎ. గొర్రె కణంలోని క్రోమోసోములో అతుక్కుపోతుంది. షావుకారు ఖాతా పుస్తకంలో ఎవరో ఒక దొంగ పద్దు వ్రాసిపెట్టారనుకోండి. ఆ పద్దు ఆ పుస్తకంలో ఉన్నంతకాలం ఉంటుంది. పుస్తకాన్ని ఎత్తి వ్రాసినప్పుడల్లా దానికీ నకలు పుడుతుంది. కణం విభజన చెందినప్పుడు వైరస్ పద్దుకు జరిగేది కూడా ఇదే.

ఈ పద్దు చేరేది ముఖ్యంగా రక్తంలోని ఒక జాతి తెల్లకణాలలో. అవి రక్తంలో తిరుగుతున్నంతసేపు వైరస్ దాదాపు నిద్రపోతూ ఉంటుంది. అవే కణాలు ఊపిరితిత్తులలోనో, పొదుగులోనో, కీళ్లలోనో, మెదడులోనో స్థిరపడి భక్షక కణాలుగా ముదిరినప్పుడు వైరస్ మేల్కొని పిల్లలు పెడుతుంది. శరీరం దానిమీదికి సైన్యం పంపుతుంది. ఏళ్లతరబడి సాగే ఆ పోరులో నలిగిపోయేది ఊపిరితిత్తే. ప్రతిదేహాలు రక్తంలో కనిపించడానికే వారాలు, కొన్నింటిలో నెలలు పడుతుంది. కనుక ఐస్‌లాండ్ వారి రెండు నెలల నిర్బంధం ఈ వ్యాధి విషయంలో రెండు గడియలతో సమానం.

ఇక అంటుకునే మార్గాలు. సోకిన తల్లి ముర్రుపాలలోను, పాలలోను ఆ తెల్లకణాలు ఉంటాయి. పిల్లకు అక్కడినుండే వస్తుంది. రెండవది ఊపిరి, తుంపరలు. ఐస్‌లాండ్ చలికాలంలో గొర్రెలు నెలల తరబడి మూసిన కొట్టాలలో ఒకదానినొకటి ఒరుసుకొని ఉండవలసిందే. మన పల్లెలలో రాత్రి మందను ఆరుబయట పొలంలో మలేసినట్లు అక్కడ వీలు పడదు. పొట్టేలు నుండి మంద మొత్తానికి వ్యాధి ప్రాకడానికి ఆ కొట్టాలే బాగా తోడ్పడినవి.

వ్రాతలో తప్పులు

వైరస్‌కు వంశం ఏమిటి అని కొందరికి అనిపించవచ్చును. ప్రాణమున్నదో లేదో తేల్చి చెప్పలేని ఆ నలుసుకు వంశమే సర్వస్వం. ఆర్.ఎన్.ఎ.ను చూచి డి.ఎన్.ఎ. వ్రాసే ఎంజైము చాలా అజాగ్రత్త గల లేఖకుడు. మన కణాలలో వ్రాత పూర్తి అయ్యాక తప్పులు దిద్దే ఏర్పాటు ఉన్నది; దీనికి అది లేదు. అందుచేత ఒక గొర్రెలో సంవత్సరాలపాటు కాపురమున్న వైరస్ ఒక్కటిగా ఉండదు, కొద్దికొద్ది తేడాలు గల పెద్ద గుంపుగా మారుతుంది. 1977లో అమెరికన్ పరిశోధకులు విస్న సోకిన గొర్రెలను చాలాకాలం గమనించి, గొర్రె తయారుచేసిన ప్రతిదేహాలకు చిక్కని కొత్త రూపాలు అదే గొర్రెలో పుట్టుకొస్తున్నాయని చూపించారు. టీకా ప్రయత్నాలు ఇంతవరకు ఫలించకపోవడానికి ఇది ఒక కారణం.

వైరస్ లిపిలోని చిన్న తేడా ఎంత పని చేయగలదో మైది, విస్నలే సాక్ష్యం. వైరస్ జన్యుపదార్థం రెండు కొసలలోను, మాంసకృత్తులను తయారుచేయని, కేవలం అజమాయిషీ చేసే ఒక భాగం ఉంటుంది. ఏ కణంలో వైరస్ చురుకుగా పెరగాలో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. మెదడును ఆశించే విస్న రకంలో ఈ భాగంలో ఒక చిన్న తునక రెండుసార్లు వ్రాసి ఉన్నదని, ఆ పునరుక్తి లేని రకం కొన్ని కణాలలో సరిగా పెరగలేదని ఐస్‌లాండ్ పరిశోధకులే చూపారు. ఒక మాట రెండుసార్లు వ్రాసినంత మాత్రాన ఏ కణాలలో పెరగగలదన్న సంగతే మారిపోయిందన్నమాట.

ఈ తెగ వైరస్‌లు గొర్రెలకే పరిమితం కావు. మేకలలో కీళ్లవాపు, మెదడువాపు కలిగించే వైరస్ వీటికి దగ్గర చుట్టం. గొర్రెల నుండి మేకలకు, మేకల నుండి గొర్రెలకు ఇవి దాటుతూ ఉంటాయని లిపి పోలికలను బట్టి తెలుస్తున్నది. రెంటినీ కలిపి ఒకే మందగా మేపే చోట్ల ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

ఒక్క అక్షరం

వ్యాధి ఐస్‌లాండ్‌కే కొత్త గాని లోకానికి కొత్త కాదు. దక్షిణాఫ్రికాలో 1915లోను, అమెరికాలోని మొంటానాలో 1923లోను ఇటువంటి రోగాన్ని వర్ణించి ఉన్నారు. డచ్చివారు దీనిని పిలిచే పేరుకు కూడా అర్థం ఎగరొప్పే జబ్బు అనే. అమెరికా పెంపకందారులకు ఇది 'క్రమంగా ముదిరే న్యుమోనియా'. అక్కడ ఐస్‌లాండ్‌లో వలె మందలు ఊడ్చుకుపోలేదు. అది చాపకింది నీరు. సోకిన గొర్రె పొదుగు గట్టిపడి పాలు తగ్గుతాయి, పిల్లలు ఎదగవు, నాలుగైదు ఈతలు ఈనవలసిన గొర్రె ముందుగానే కబేళాకు పోతుంది. కంటికి కనిపించే చావులకంటె ఇటువంటి నష్టాన్ని లెక్కకట్టడం కష్టం. కనుకనే దీనిమీద చాలాకాలం శ్రద్ధ తక్కువగా ఉండినది.

అయితే పరీక్షలు చేసినవారికి ఒక విషయం పదేపదే కనిపించేది. ఒకే మందలో, ఒకే కొట్టంలో, సోకిన గొర్రెల ప్రక్కనే జీవితమంతా గడిపి కూడా కొన్ని గొర్రెలు సోకకుండా ఉండిపోతాయి. అదృష్టమా, వంశమా?

నెబ్రాస్కా రాష్ట్రంలోని క్లే సెంటర్ దగ్గర అమెరికా వ్యవసాయ శాఖకు ఒక పశుపరిశోధన కేంద్రం ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఈ ప్రశ్నను చేపట్టి 2012లో ఫలితాలు ప్రకటించారు. వారు ఎన్నుకున్న పద్ధతి తెలుసుకోదగినది. సహజంగా వ్యాధి తిరుగుతున్న మందలలో అయిదేళ్లు దాటిన 736 గొర్రెలను పరీక్షించారు. వయసు దాటిన గొర్రెలనే తీసుకోవడంలో తెలివి ఉన్నది: చిన్న గొర్రెకు సోకలేదంటే ఇంకా తగలలేదేమో అనవచ్చును, అయిదేళ్లు ఆ మందలో ఉండి తప్పించుకున్నదంటే దానికి కారణం ఉండాలి. వాటిలో సోకినది ఒకటి, సోకనిది ఒకటి చొప్పున అన్ని విధాలా పోలిక గల 69 జతలను ఏరారు. ఒక్కొక్క గొర్రె వంశలిపిలో 50,614 చోట్ల ఏ అక్షరం ఉన్నదో చదివారు. మైలురాళ్ల వంటి ఈ గుర్తులలో, సోకినవాటికి ఒక విధంగాను, సోకనివాటికి మరొక విధంగాను ఉండే గుర్తు ఏదైనా ఉన్నదా అని వెదికారు. యాదృచ్ఛికం కాదని ధైర్యంగా చెప్పదగిన గుర్తు ఒకే ఒకటి తేలింది. అది టి.ఎం.ఇ.ఎం.154 అనే జన్యువులో ఉన్నది. పేరు పలకడానికి ఇబ్బందిగా ఉన్నది గనుక ఇకమీద దీనిని '154 జన్యువు' అందాము.

ఈ జన్యువు తయారుచేసే మాంసకృత్తు కణం పొరలో గుచ్చుకొని ఉంటుంది. కొంత భాగం బయటికి చాచి ఉంటుంది. ఆ బయటి భాగంలో 35వ స్థానంలో ఉండే అమినో ఆమ్లం గొర్రె గొర్రెకూ మారుతున్నది. కొన్నింటిలో గ్లుటామేట్, కొన్నింటిలో లైసీన్. వంశలిపిలో మొదటిదానికి సంకేతం జి.ఎ.ఎ. లేదా జి.ఎ.జి.; రెండవదానికి ఎ.ఎ.ఎ. లేదా ఎ.ఎ.జి. అంటే జి. ఉన్నచోట ఎ. పడితే చాలు, ఒకటి మరొకటి అవుతుంది. మార్పు ఒక్క అక్షరమే అయినా, గ్లుటామేట్‌కు రుణ విద్యుదావేశం, లైసీన్‌కు ధనావేశం. ఆ చోట కణపు ముఖమే మారిపోతుంది. గ్లుటామేట్ రకం జన్యువు గల గొర్రెలకు వైరస్ ఎక్కువగా సోకుతున్నది. తల్లినుండీ తండ్రినుండీ లైసీన్ రకమే పొందిన గొర్రెలకు తక్కువ.

ఎంత తక్కువ? ఇక్కడ రెండు అంకెలు ఉన్నవి. చదివినవారు తికమక పడుతూ ఉంటారు. నాలుగేళ్ల గొర్రెలను మరి 61 జతలు తీసి చూస్తే, గ్లుటామేట్ రకం ఒక్క ప్రతి ఉన్నవాటికి, లేనివాటితో పోలిస్తే, సోకడానికీ సోకకపోవడానికీ గల పందెం 28 రెట్లు ఉన్నది. నెబ్రాస్కా, ఐడహో, ఐయోవా రాష్ట్రాలలోని 2,705 గొర్రెలను కలిపి చూస్తే సోకే అపాయం 2.85 రెట్లు అని వచ్చింది. పదింతల తేడా చూచి లెక్క తప్పిందనుకోకూడదు. ఉదాహరణకు ఒక రకంలో పదింట తొమ్మిది, మరొక రకంలో పదింట మూడు సోకినవనుకోండి. అపాయం మూడు రెట్లే. కాని పందెంగా చెబితే మొదటిదానిలో ఒకటికి తొమ్మిది, రెండవదానిలో ఏడుకు మూడు. వీటి నిష్పత్తి 21. సంగతి ఒకటే, కొలత వేరు. పైగా జతలు కొద్దిగా ఉన్నప్పుడు ఇటువంటి అంకెకు నిలకడ తక్కువ. ఆ 28 అనేది నిజానికి 5 మొదలు 1,100 వరకు ఎక్కడైనా ఉండవచ్చునని పరిశోధకులే లెక్కకట్టి చెప్పారు. నా మట్టుకు నాకు 2.85 అనే అంకె మీదనే ఎక్కువ గురి.

మరొక విశేషం. అరుదుగా కొన్ని గొర్రెలలో ఈ జన్యువులో అక్షరాలు జారిపోయి మాంసకృత్తు పూర్తిగా తయారే కాదు. అట్టి లోపం రెండు ప్రతులలోను ఉన్న కొన్ని గొర్రెలు వ్యాధి ముమ్మరంగా ఉన్న మందలలో జన్మంతా ఉండి కూడా సోకకుండా మిగిలినవి. వైరస్ ఈ మాంసకృత్తును ఏదో విధంగా ఉపయోగించుకుంటున్నదని దీనివల్ల తోస్తుంది. మనుషులలో ఇటువంటిదే ఒకటి ఉన్నది: సి.సి.ఆర్.5 అనే జన్యువులో 32 అక్షరాలు లోపించి, ఆ లోపం తల్లిదండ్రులిద్దరినుండీ వచ్చినవారికి ఎయిడ్స్ వైరస్ సోకడం చాలా అరుదని 1996లో తెలిసింది.

పొట్టేలును మారిస్తే చాలునా

ఇది తెలియగానే పెంపకందారులకు ఆశ పుట్టడం సహజం. రక్తపు చుక్కతో జన్యుపరీక్ష చేసి, లైసీన్ రకపు పొట్టేళ్లను తెచ్చి మందలో వదిలితే సరి. ఐస్‌లాండ్ వలె లక్షలు చంపనక్కరలేదు. దీనిలో నిజం ఉన్నది. కాని మెండెల్ బఠాణీల పాఠం చదివిన విద్యార్థి వెంటనే ఒక ప్రశ్న వేస్తాడు: ఏ రకం బలమైనది?

బలమైనది గ్లుటామేట్ రకం. ఒక్క ప్రతి ఉన్నా చాలు, గొర్రెకు అపాయం ఎక్కువే. మందలోని ఆడగొర్రెలన్నీ రెండు ప్రతులూ గ్లుటామేట్ రకంగా కలవనుకోండి. రెండూ లైసీన్ రకంగా గల పొట్టేలును తెచ్చినారు. పుట్టిన పిల్లలన్నీ ఒకటి అది, ఒకటి ఇది. అంటే మొదటి తరంలో అపాయం తగ్గిన పిల్ల ఒక్కటీ ఉండదు. డబ్బు పోసి పొట్టేలును కొన్న ఆసామి ఇక్కడే నిరుత్సాహపడి మానివేస్తాడు. ఈ పిల్లలను మళ్లీ లైసీన్ పొట్టేలుతో దాటించితే రెండవ తరంలో సగం పిల్లలు రెండూ లైసీన్ రకంగా పుడతాయి. మూడవ తరానికి మందలో నాలుగింట మూడు వంతులు. గొర్రె రెండేళ్లకు మొదటిసారి ఈనుతుందనుకుంటే ఇది ఆరేడేళ్ల పని. అదృష్టవశాత్తు చాలా జాతులలో లైసీన్ రకం ఎంతో కొంత ముందే ఉన్నది కనుక సాధారణంగా ఇంతకంటె త్వరగానే తెమలుతుంది.

ఇంతవరకు గొర్రె వైపు. 2013లో అదే కేంద్రం వారు వైరస్ వైపు తిరిగి చూచారు. నూటికి నూరు పాళ్లు రక్షణ లేదు గదా. రెండూ లైసీన్ రకమైనా కొన్ని గొర్రెలకు సోకుతూనే ఉన్నది. ఆ గొర్రెలలో ఉన్న వైరస్ ఎటువంటిది? అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతపు ఒక మందలో పలు జాతుల గొర్రెలు ఉన్నవి. సహజంగా సోకిన వాటి కణాలనుండి వైరస్ పద్దులను వెలికితీసి, దాని లిపిలో రెండు భాగాలను చదివారు. ఒకటి వైరస్ లోపలి గుల్లను తయారుచేసే జన్యువు. మరొకటి పైతొడుగును తయారుచేసే జన్యువులో కొంత. ఏ భాగాన్ని పట్టి చూచినా వైరస్‌లు రెండు ఉపవర్గాలుగా విడిపోయినవి. ఐరోపాలోని రకాలతో ఇవి కలియలేదు. అప్పుడు ప్రతి గొర్రె 154 జన్యువును ప్రక్కన పెట్టి చూచారు. గ్లుటామేట్ రకం ఒకటి గాని రెండు గాని గల గొర్రెలలో మొదటి ఉపవర్గం, రెండూ లైసీన్ రకమైన గొర్రెలలో రెండవ ఉపవర్గం ఎక్కువగా పొందుపడి ఉన్నవి. ఇది కేవలం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం లోపలి గుల్ల జన్యువును బట్టి వేయింట ఒకటికంటె తక్కువ; పైతొడుగును బట్టి నూటికి ఒకటి.

అన్ని గొర్రెలూ ఒకే మందలోవి. ఒకే గాలి, ఒకే తొట్టి. అయినా రెండు వైరస్ వంశాలు రెండు తరహాల గొర్రెలను పంచుకున్నవి. లైసీన్ గొర్రెలు వైరస్‌కు తలుపు మూసినవనుకున్నాము. మూసినది ఒక వంశపు వైరస్‌కు మాత్రమే. మరొక వంశం వేరే తాళపుచెవి చేయించుకున్నది. ప్రతి లైసీన్ గొర్రెలోను వైరస్ అప్పటికప్పుడు మారి ఉంటే రెండు స్పష్టమైన ఉపవర్గాలు కాక, చెదరిన మార్పులు కనిపించాలి. కనుక రెండవ ఉపవర్గం ఎప్పుడో వేరుపడి, తనకు అనువైన గొర్రెలలో వంశం నిలుపుకుంటూ వస్తున్నదనే నాకు తోస్తున్నది. ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. అపాయం ఎంత అన్నది గొర్రెను మాత్రమే చూచి చెప్పలేము. వైరస్‌ను మాత్రమే చూచీ చెప్పలేము. ఏ గొర్రెకు ఏ వైరస్ ఎదురైనదన్న జతను చూడాలి. కారకుల్ గొర్రెలకూ ఐస్‌లాండ్ గొర్రెలకూ మధ్య జరిగినది ఈ దృష్టితో చూస్తే అంత వింతగా అనిపించదు.

పెంపకందారునికి దీనిలో ఉన్న చిక్కు చిన్నది కాదు. మంద అంతటినీ లైసీన్ రకంగా మార్చివేశాడనుకోండి. ఆ మందలో తిరుగుతున్నది మొదటి ఉపవర్గమే అయితే దానికి ఆహారం దొరకక వ్యాధి క్రమంగా సన్నగిల్లుతుంది. రెండవ ఉపవర్గం ఒక మూల ఉన్నదంటే మాత్రం, దానికి అనువైన గొర్రెలను అతడే పెంచి ఇచ్చినవాడవుతాడు. గోధుమలో తుప్పు తెగులును తట్టుకొనే రకాలను ఒక్క జన్యువు ఆధారంగా తయారుచేసినప్పుడు చాలాసార్లు కొన్ని ఏళ్లకు కొత్త తెగులు వంశం లేవడం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు పాత అనుభవమే. గొర్రెల వైరస్ శిలీంధ్రం కాదు, గొర్రె గోధుమ కాదు. అయినా లెక్క ఒకటే.

అందుచేత జన్యుపరీక్ష ఒక్కదానినే నమ్ముకోకుండా, పాత పద్ధతులను దానికి జోడించడమే మంచిది. పుట్టిన పిల్లను ముర్రుపాలు త్రాగకముందే తల్లినుండి తీసి, ఆవు ముర్రుపాలో, కాచి చల్లార్చిన పాలో పోసి పెంచడం. ఏటా రక్తపరీక్ష చేసి ప్రతిదేహాలు కనిపించినవాటిని వేరు దొడ్డిలో కట్టడం లేదా అమ్మివేయడం. కొత్తగా కొన్న గొర్రెలను రెండు మూడుసార్లు, కొన్ని నెలల ఎడంతో పరీక్షించి గాని మందలో కలపకపోవడం. లైసీన్ గొర్రెలు ఎక్కువగా ఉన్న మందలో ఈ పనులు సులువవుతాయి, సోకేవి కొద్దిగానే ఉంటాయి గనుక. ఆ కొద్ది గొర్రెలలోనే వైరస్ లిపిని కూడా చదివి, అది ఏ ఉపవర్గమో చూచుకుంటే మరీ మంచిది. లైసీన్ మందలో సోకిన గొర్రెను 'ఒకటే గదా' అని వదలిపెట్టడం, గ్లుటామేట్ మందలో పది గొర్రెలను వదలిపెట్టడం కంటె ప్రమాదం కావచ్చును. ఆ ఒక్కదానిలో ఉన్నది రెండవ వంశం కావడానికే ఎక్కువ అవకాశం.

ఐస్‌లాండ్ వారు చేసినది దీనికి సరిగా వ్యతిరేకమైన పని. వారు గొర్రె వంశాన్ని మార్చలేదు. చంపిన మందల స్థానంలో తెచ్చినవి కూడా అదే జాతి గొర్రెలు. తొలగించినది వైరస్ వంశాన్నే. వాయవ్య ద్వీపకల్పపు ఆ గొర్రెల సంతతి ఈనాటికీ మైదికి అన్నతమ్ములంత సులభంగా లొంగగల జాతే. అందుకే జీవించి ఉన్న పశువులను బయటినుండి తెచ్చుకోవడంలో ఆ దేశపు నిబంధనలు ఇప్పటికీ అంత కఠినంగా ఉన్నవి.